బొమ్మలు అల్లడానికి షెనీల్ దారం ఎలా ఎంచుకోవాలి: కొనేముందు, కొన్నాక చేయాల్సిన పరీక్షలు

షెనీల్ దారంతో బొమ్మ అల్లాలనుకునేవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఒకటే: "అన్నిటికంటే మెత్తగా ఉండేది ఏది?" ఆ ప్రశ్నతో మొదలుపెడితే తప్పు దారం కొంటారు. చవకదైనా ఖరీదైనదైనా షెనీల్ చేతికి మెత్తగానే ఉంటుంది. తేడా లోపల ఉంటుంది. ఈ దారం నడుమ సన్నటి పోగులు మెలివేసి ఉంటాయి, ఆ మెలికల్లో ఇరుక్కున్న పొట్టి పొట్టి పీచే మన వేళ్లకు తగిలే నూగు. నడిమి పోగు బలహీనంగా ఉంటే అల్లుతుండగానే పుటుక్కున తెగుతుంది, మెలిక వదులుగా ఉంటే నూగు రాలిపోయి బొమ్మ మీద బోడి మచ్చలు పడతాయి. అందుకే ముందు ఆ పోగు సంగతి తేల్చుకోవాలి, రంగులూ మెత్తదనం ఆ తర్వాత.

ఇది సింగిల్ క్రోషే, పెంచడం, తగ్గించడం వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను. అవి ఇంకా రాకపోతే ముందు మామూలు నునుపైన ఊలుతో నేర్చుకోండి. షెనీల్‌లో కుట్లు కంటికి సరిగా కనబడవు, వేలితో తడిమి లెక్కపెట్టుకోవాలి, కొత్తవాళ్లకు అది అనవసరమైన టెన్షన్.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పరీక్షకు ఒకే ఒక్క ఉండ, లేత రంగుది
- 4, 4.5, 5 మి.మీ. క్రోషే సూదులు, దారం బాగా లావైతే 6 లేదా 6.5 కూడా
- కుట్టు గుర్తుకు మార్కర్లు, లేకపోతే వేరే రంగు దారం ముక్కలు
- వంటింటి డిజిటల్ తూకం, గ్రాముల్లో చూపేది
- ఒక నల్ల గుడ్డ, ఒక తెల్ల గుడ్డ
- పాలిస్టర్ ఫైబర్ దూది, చాలా షాపుల్లో రెక్రాన్ అని అడిగితే ఇస్తారు
- బొమ్మ రంగుకు దగ్గరగా ఉండే గట్టి కుట్టు దారం లేదా సన్న అక్రిలిక్ ఊలు
- పెద్ద కన్నున్న మొద్దు సూది

1. బొమ్మ ఎవరికో ముందు తేల్చుకోండి

దారం ఎంపిక దీని మీదే ఆధారపడుతుంది. షోకేసులో పెట్టే బొమ్మకైతే నూగు కాస్త రాలే దారమైనా నష్టం లేదు. పిల్లలు పక్కలో వేసుకుని పడుకునే బొమ్మకు మాత్రం పొట్టి నూగు, దట్టమైన నూగు ఉన్నదే కావాలి. ఏడాది నిండని బిడ్డకు ఇస్తున్నారంటే, ఏ బొమ్మ చేతికిచ్చినా నోటికే పోతుంది కాబట్టి, పొడవు నూగున్న దారం, బొచ్చు దారం రెండూ వద్దు. ఇంకో మాట, ఆ వయసు పిల్లలు నిద్రపోతున్నప్పుడు ఉయ్యాల్లో గానీ పక్కలో గానీ ఎలాంటి మెత్తటి బొమ్మా ఉంచకూడదని డాక్టర్లు చెబుతారు. మెలకువగా ఉన్నప్పుడు ఎవరైనా దగ్గరుండి ఆడించాలి. ఈ మాట బొమ్మతో పాటు వాళ్లమ్మకు కూడా చెప్పి ఇవ్వండి.

2. లేబుల్ చదవండి, నాలుగు విషయాల కోసం

మొదటిది, దేంతో చేశారు. బొమ్మలకు నూటికి నూరు శాతం పాలిస్టర్ ఉన్నది తీసుకోండి, ఉతుకుడుకు తట్టుకుంటుంది, త్వరగా ఆరుతుంది. శాలువాలకూ, సోఫా గుడ్డలకూ వాడే విస్కోస్ షెనీల్ వేరే ఉంది, మెరుపు బాగుంటుంది కానీ తడిస్తే బలం తగ్గుతుంది, బొమ్మకు పనికిరాదు.

రెండోది, గ్రాములకు ఎన్ని మీటర్లు. ఇది చూడకుండా ఉండ ధర మాత్రమే చూసి కొనేవాళ్లే ఎక్కువ. టర్కీ నుంచి వచ్చే హిమాలయ డాల్ఫిన్ బేబీ, యార్న్‌ఆర్ట్ డోల్చే రెండూ 100 గ్రాములకు 120 మీటర్లు వస్తాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు సులువుగా దొరికే ప్రీమియర్ పార్ఫే చంకీ కూడా ఇంచుమించు అంతే. అక్కడే దొరికే బెర్నాట్ బ్లాంకెట్ మాత్రం 300 గ్రాముల పెద్ద ఉండకు దాదాపు 200 మీటర్లే, అంటే 100 గ్రాములకు 67 మీటర్లు. చాలా లావు. అరచేతిలో పట్టే తేనెటీగ అల్లబోయి దిండంత తేనెటీగ తయారయ్యేది ఇక్కడే. కాబట్టి ధర పోల్చేటప్పుడు మీటరుకు ఎంత పడుతోందో పోల్చండి. మొదటి బొమ్మకు 100 గ్రాములకు 120 మీటర్ల దగ్గర ఉండే దారం తీసుకుంటే చేతికి అలవాటవుతుంది, దొరికే ప్యాటర్న్‌లు కూడా ఎక్కువగా దానికే ఉంటాయి.

మూడోది సూది సైజు. లేబుల్ మీద ఉండేది శాలువాకో దుప్పటికో సరిపోయే సైజు, బొమ్మకు దానికంటే ఒక మెట్టు తగ్గించాల్సి రావచ్చు, అది 5వ అంకెలో చూద్దాం.

నాలుగోది లాట్ నంబరు, అంటే దారానికి ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు. ఒకే రంగు పేరుతో వచ్చినా లాట్ మారితే ఛాయ మారుతుంది, షెనీల్‌లో ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఒక బొమ్మకు కావాల్సినంతా ఒకే లాట్‌లో తీసుకోండి.

లేబులే లేకుండా ప్లాస్టిక్ కవర్లో వచ్చే దారం సంగతి: ఒక అంగుళం ముక్కను ఇనుప పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్లు పోసిన స్టీలు పళ్లెం పెట్టి వెలిగించండి. పాలిస్టర్ అయితే ముడుచుకుపోతూ కరిగి గట్టి పూసలా గడ్డకడుతుంది. కాగితం కాలిన వాసనతో బూడిదైతే అది పత్తో విస్కోసో. కరిగిన బొట్టు చర్మానికి అంటుకుంటే బాగా కాలుతుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి.

3. మూడు చేతి పరీక్షలు

షాపులో అయితే ఒక చివర అడిగి చేయండి, ఆన్‌లైన్లో అయితే ఒక్క ఉండ తెప్పించుకుని చేయండి. ఈ మూడూ కాకుండా ఐదారు ఉండలు ఒకేసారి ఆర్డర్ పెట్టకండి, ఎంత ఆఫర్ ఉన్నా సరే.

గిల్లు పరీక్ష: దారాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి బొటనవేలి గోరూ చూపుడు వేలూ కలిపి నూగును గిల్లి లాగండి. ఒకటి రెండు పోచలు వస్తే పర్వాలేదు. గుప్పున ఊడొచ్చి లోపలి పోగు బయటపడితే ఆ దారం పక్కన పెట్టేయండి. ఒక జాగ్రత్త, కత్తిరించిన చివర దగ్గర ఏ దారమైనా ఊడుతుంది, అందుకని చివర నుంచి ఒక జానెడు లోపలికి వచ్చి గిల్లండి. చాలామంది కొసన గిల్లి మంచి దారాన్ని కూడా వద్దనుకుంటారు.

లాగుడు పరీక్ష: రెండు చేతుల మధ్య ఒక అడుగు దారం పట్టుకుని నెమ్మదిగా బిగించి లాగండి, జెర్క్ ఇవ్వద్దు. మంచి దారం కొద్దిగా సాగి ఆగుతుంది. కొంచెం బిగించగానే తెగితే అది మ్యాజిక్ రింగ్ (అల్లిక మొదట్లో వేసి, కొస లాగి బిగించే ఉంగరం) దగ్గరా, కుట్టేటప్పుడూ తప్పకుండా తెగుతుంది.

రుద్దుడు పరీక్ష: లేత దారాన్ని నల్ల గుడ్డ మీద, ముదురు దారాన్ని తడిపిన తెల్ల గుడ్డ మీద పాతిక ముప్పై సార్లు రుద్దండి. నల్ల గుడ్డ మీద పొడిలా పీచు పడితే నూగు రాలుతున్నట్టు. తెల్ల గుడ్డకు రంగు అంటితే ఆ రంగును తెల్ల దారం పక్కన అల్లకూడదు. ఎరుపు, మెరూన్, నేవీ బ్లూ, నలుపు రంగులకు ఈ తడి పరీక్ష తప్పనిసరి. ఎర్ర ముక్కు పెట్టిన తెల్ల కుందేలు మొదటి ఉతుకుడికే గులాబీ రంగైపోతే బిడ్డకు ఏం చెబుతాం?

మూడూ అయ్యాక దారాన్ని ఓ రెండు మీటర్లు వేళ్ల మధ్య నుంచి జారవిడవండి. మధ్యలో ముడులున్నాయా, నూగు పలచబడిన చోట్లున్నాయా అన్నది కంటికంటే వేలికే ముందు తెలుస్తుంది.

ఆన్‌లైన్లో షెనీల్ అని వెతికితే లోపల తీగ ఉండే క్రాఫ్ట్ పుల్లలు కూడా వచ్చేస్తాయి, వాటిని దారం అనుకుని కొనకండి. వెల్వెట్ యార్న్ అని కూడా వెతకండి. బొమ్మలకు వాడే పొట్టి నూగు రకాన్ని చాలామంది ఆ పేరుతోనే అమ్ముతారు, నా ఓటు కూడా దానికే. అల్లాక కుట్టు చక్కగా కూర్చుంటుంది, ముఖం మీద కళ్లూ మూతీ కుట్టినా నూగులో మునిగిపోవు. ఆలిజే పఫీ లాంటి ఉంగరాల దారాలు చేతివేళ్లతో అల్లుకోవడానికి చేసినవి, సూదితో బొమ్మలకు సరిపడవు.

4. రంగు ఎంచుకునేటప్పుడు

మొదటి రెండు మూడు బొమ్మలకు క్రీమ్, లేత పసుపు, లేత గులాబీ, లేత నీలం తీసుకోండి. నలుపు, ముదురు గోధుమ రంగుల్లో రాత్రి లైటు కింద ఒక్క కుట్టు కూడా కనబడదు. వాటితో పని పడితే పగటి వెలుతురులో, ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకుని అల్లండి.

5. ఒక చిన్న బంతి అల్లి చూడండి

చదరపు నమూనా ముక్క బొమ్మలకు పెద్దగా ఉపయోగపడదు. దూది కూరితే గానీ అసలు సంగతి తెలియదు, అందుకే బంతి. ముందు ఉండను తూచి రాసుకోండి.

- మొదటి రౌండ్ 6 కుట్లు, తర్వాత 12, 18, 24.
- 24 కుట్లతోనే మరో 4 రౌండ్లు.
- 18కి, 12కి తగ్గించి, దూది కూరి, 6కి తగ్గించి మూసేయండి.

ఈ బంతికి మొత్తం 192 కుట్లు పడతాయి. ఇప్పుడు వెలుతురు దగ్గర పట్టుకుని బొటనవేళ్లతో కాస్త సాగదీయండి. కుట్ల మధ్య నుంచి తెల్ల దూది కనబడితే సూది పెద్దదైంది, అర మి.మీ. తగ్గించండి. బంతి చెక్కలా బిగుసుకుని, సూది దూర్చడానికే మణికట్టు నొప్పి పుడితే సూది చిన్నది, అర మి.మీ. పెంచండి. 120 మీటర్ల రకానికి సాధారణంగా 4 నుంచి 5 మి.మీ. మధ్యలో కుదురుతుంది. బెర్నాట్ బ్లాంకెట్ లాంటి లావు దారానికి లేబుల్ 8 మి.మీ. చెప్పినా బొమ్మకు 6 లేదా 6.5తో మొదలుపెట్టండి.

గోదావరి జిల్లాల్లో ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర లేసు నేర్చుకున్నవాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. నరసాపురం లేసు అల్లిన చేతికి సన్న నూలు దారం, సన్న సూది అలవాటు, ప్రతి కుట్టునూ బిగించడం అలవాటు. ఆ బిగింపు ఇక్కడ వద్దు. షెనీల్‌ను వేలికి ఒక్క చుట్టు మాత్రమే చుట్టి వదులుగా జారనివ్వండి, కుట్టును సూది లావు భాగం మీదే పూర్తి చేయండి, మొన దగ్గర బిగించకండి. మీకు కుట్ల లెక్కా చేతి వాటమూ ఎలాగూ వచ్చు కాబట్టి ఈ ఒక్కటి మార్చుకుంటే చాలు, మిగతావాళ్లకంటే మీ బొమ్మే ముచ్చటగా వస్తుంది.

6. ఎన్ని ఉండలు కావాలో లెక్క

బంతి అల్లాక ఉండను మళ్లీ తూచండి. దూది బరువు కలవకుండా ఉండనే తూచాలి, బంతిని కాదు. ఉదాహరణకు 12 గ్రాములు తగ్గిందనుకోండి, 192ను 12తో భాగిస్తే గ్రాముకు 16 కుట్లు. మీ ప్యాటర్న్‌లో అన్ని రౌండ్ల కుట్లూ కలిపితే 960 వచ్చాయంటే 60 గ్రాములు. దానికి ఇంకో పదిహేను ఇరవై శాతం కలుపుకోండి, కొసలకూ కుట్టడానికీ విప్పి పారేసేదానికీ. ఇలా లెక్కేసుకుంటే చెవి అల్లేటప్పుడు దారం అయిపోయి అదే లాట్ కోసం షాపులన్నీ తిరిగే అవస్థ ఉండదు.

సన్న నూలు దారానికి రాసిన ప్యాటర్న్‌ను కూడా అవే కుట్లతో షెనీల్‌తో అల్లుకోవచ్చు, బొమ్మ పెద్దదవుతుంది అంతే. ప్లాస్టిక్ కళ్లు పెట్టేట్టయితే వాటి సైజు కూడా పెంచాలి, సన్న దారానికి 6 లేదా 8 మి.మీ. పెట్టిన చోట ఇక్కడ 12 లేదా 14 అవసరమవుతుంది. బ్రిటిష్ ప్యాటర్న్ అయితే అందులో డబుల్ క్రోషే అని రాసింది మన సింగిల్ క్రోషేనే, అది చూసుకోండి.

7. బంతిని ఉతికి చూడండి

ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు, వదిలేయకండి. చల్లటి నీళ్లలో కాస్త లిక్విడ్ సబ్బు వేసి నానబెట్టి, పిండకుండా నొక్కి నీళ్లు తీసి, తువ్వాల్లో చుట్టి అదిమి, నీడలో ఆరబెట్టండి. ఆరాక నూగును వేలితో దువ్వండి. ముందులాగే లేస్తే దారం మంచిదే. ముద్దలు ముద్దలుగా అంటుకుపోతే ఆ దారం బొమ్మకు వద్దు. వానాకాలంలో లోపలి దూది ఆరడానికి రెండు మూడు రోజులు కూడా పట్టొచ్చు, పైన పొడిగా ఉందని బీరువాలో పెట్టేస్తే ముక్క వాసన వస్తుంది. ఇస్త్రీ, హెయిర్ డ్రయర్ వేడి గాలి రెండూ దీనికి పడవు, నూగు పాడై గరుకుబారుతుంది.

8. ఇక అసలు బొమ్మ మొదలుపెట్టేటప్పుడు

ఎక్కువ మంది ఓడిపోయేది మ్యాజిక్ రింగ్ దగ్గర. బిగించడానికి కొస లాగుతారు, నూగు పట్టేస్తుంది, ఇంకా లాగుతారు, తెగుతుంది. దీనికి మూడు దారులున్నాయి. రింగ్ వదులుగా మొదలుపెట్టి, ఆరు కుట్లూ వేశాక కొంచెం కొంచెంగా బిగించడం ఒకటి. రెండు చైన్లు వేసి సూది నుంచి రెండో చైన్‌లో ఆరు కుట్లూ వేసేయడం రెండోది, కొత్తవాళ్లకు ఇదే మంచిది, నూగు మధ్యలో చిన్న రంధ్రం కనబడనే కనబడదు. మూడోది, గట్టి కుట్టు దారాన్ని రింగ్‌గా పట్టుకుని దాని మీద షెనీల్ కుట్లు వేసి, చివర్లో ఆ కుట్టు దారాన్ని లాగి ముడి వేయడం.

ప్రతి రౌండ్ మొదట్లో మార్కర్ పెట్టండి, ప్రతి రౌండ్ చివర లెక్కపెట్టండి. షెనీల్‌ను విప్పి అల్లడం ఒకసారి కుదురుతుంది, రెండోసారి కష్టం, మూడోసారికి నూగు ఊడి తాడులా మిగులుతుంది. విప్పాల్సే వస్తే లాగేయకుండా ఒక్కో కుట్టూ వేలితో వదులు చేస్తూ విప్పండి. ఒక కుట్టు ఎక్కువో తక్కువో అయిందని రౌండ్లకు రౌండ్లు విప్పే పని కూడా లేదు, తర్వాతి రౌండ్‌లో వీపు వైపు ఒకచోట సరిచేసేయండి, నూగు దాచేస్తుంది.

చేతులూ కాళ్లూ కుట్టేటప్పుడు షెనీల్‌తోనే కుట్టాలన్న పట్టుదల వద్దు. మొద్దు సూదిలోంచి పదిసార్లు దూరేసరికి దాని నూగంతా పోతుంది. అదే రంగు అక్రిలిక్ ఊలుతో కుట్టండి. కొస పొడవుగా మిగిలి ఉంటే దాని నూగును గోటితో ఊడదీసేసి లోపలి పోగును సూదిలోకి ఎక్కించి కూడా కుట్టొచ్చు, అయితే లాగుడు పరీక్షలో నెగ్గిన దారానికే ఇది.

కత్తిరించిన కొసలన్నీ కనీసం 15 సెం.మీ. ఉంచి ముడివేసి బొమ్మ లోపలికి తోసేయండి. బయటకు వచ్చిన కొస దగ్గర నుంచే నూగు రాలడం మొదలవుతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి కారణాలు

కుట్ల మధ్య నుంచి పురుగుల్లా ఉంగరాలు బయటకు పొడుచుకొస్తున్నాయంటే కుట్లు వదులుగా ఉన్నాయి, లేదా నునుపైన దారం తీసుకున్నారు. సూది అర మి.మీ. తగ్గించండి. ఆ ఉంగరాలను మాత్రం ఎప్పుడూ కత్తిరించకండి, మొద్దు సూదితో లోపలికి నెట్టండి.

బొమ్మ గడ్డలుగడ్డలుగా ఉంటే దూదిని ముద్దలుగా కూరారు. పోచలు పోచలుగా విప్పి, అంచుల నుంచి మొదలుపెట్టి నింపండి. బూరుగు దూది, పాత దిండు దూది వేయకండి, ఉతికితే ముద్దకట్టి ఆరదు.

తల వాలిపోతుంటే దారం తప్పు కాదు, మెడ దగ్గర దూది తక్కువైంది. షెనీల్ బరువైన దారం కాబట్టి మెడను మూసేముందు బాగా దట్టించాలి.

అయ్యాక ఇలా సరిచూసుకోండి

తలను ఒక చేత్తో, ఒంటిని ఇంకో చేత్తో పట్టుకుని గట్టిగా లాగండి. చేతులు, చెవులు, తోక ఒక్కొక్కటీ అలాగే. మీ ముందు ఊడితేనే నయం. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మకు ప్లాస్టిక్ కళ్లు, పూసలు, బొత్తాలు పెట్టకండి, కన్ను వెనక ఎంత గట్టి వాషర్ (బిగించే బిళ్ల) వేసినా సరే. షెనీల్ కుట్టు సాగుతుంది, కన్ను వాషర్‌తో సహా బయటకు జారి రావచ్చు. నల్ల ఊలుతో కళ్లు కుట్టేయండి. చివరగా బొమ్మను నల్ల చున్నీలో చుట్టి బాగా నలిపి దులపండి. మొదటిసారి కొంచెం పీచు రాలుతుంది, మూడోసారికి దాదాపు ఆగిపోవాలి. ఆగకపోతే ఆ బొమ్మను షోకేసుకే ఉంచండి.

అమ్ముదామనుకునేవాళ్లకు ఒక విషయం. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయంలో నమోదైన కళాకారులు తామే తయారుచేసి అమ్ముకునే వాటికి మినహాయింపు ఇచ్చారు. ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టకముందే ఆ నమోదు సంగతి కనుక్కోండి. కొన్నవాళ్లకు ఇచ్చే చీటీలో దారం దేనితో చేసిందో, ఎలా ఉతకాలో, ఏ వయసు వాళ్లకో రాయండి. ప్రతి బొమ్మకూ ఆ ఉండ లేబుల్, రెండు మీటర్ల దారం విడిగా కవర్లో పెట్టి దాచండి, చెవి ఊడిందనో చిరిగిందనో బొమ్మ తిరిగొస్తే అదే రంగుతో బాగుచేసి ఇవ్వొచ్చు.